సంతకం లేని గైడు

కొత్తగా తెల్లకోటు తొడిగిన హౌస్ సర్జన్లారా! నాలుగున్నరేళ్లు చదివారు. నాలుగు వేల పేజీలు దాటిన హారిసన్ పుస్తకాన్ని మోశారు, కొన్నాళ్లు తలగడగా కూడా వాడారు. 1932లో తొలిసారి అచ్చయి, నేటికీ సర్జరీ విద్యార్థుల నిద్ర చెడగొడుతున్న బెయిలీ అండ్ లవ్‌కు పేజీ పేజీనా పసుపు రంగు పూశారు. లక్షలో ఒకరికి వచ్చే జబ్బుకు ఏ దేశపు డాక్టరు పేరు పెట్టారో వైవాలో తడుముకోకుండా చెప్పారు.

ఇప్పుడు రాత్రి రెండు గంటలైంది. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడిన రెండు నిమిషాలకే ఒక మనిషికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, గొంతు పూడుకుపోతోంది, బీపీ అందడం లేదు. అడ్రినలిన్ ఇవ్వాలి. అర మిల్లీగ్రాము, తొడ కండరంలోకి. నిద్రలో లేపి అడిగినా ఇది మీరు చెప్పగలరు. అడ్రినలిన్ బీరువాలో ఉంది. బీరువాకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఈ ప్రశ్న హారిసన్‌లో లేదు. నీట్ పీజీలో రాదు. ఆ పరీక్షలో అడిగే 200 ప్రశ్నల్లో, 800 మార్కుల్లో తాళంచెవికి అర మార్కు కూడా కేటాయించలేదు. అందుకే మన వైద్యవిద్య దాన్ని సిలబస్‌లో లేని విషయంగా తీర్మానించి, పేషెంటు అదృష్టానికి వదిలేసింది.

మన పెద్దాసుపత్రుల్లో కాగితానికి కరువుందని ఎవరూ అనలేరు. హౌస్ సర్జన్ వచ్చాడా లేదా అని చూడటానికి హాజరు మిషను ఉంది. ఎన్ని క్యానులాలు వేశాడో రాయడానికి లాగ్‌బుక్ ఉంది. ఇండెంటు పుస్తకం, ఎంఎల్‌సీ రిజిస్టరు, 'మా ఇష్టపూర్వకంగా తీసుకుపోతున్నాం' అని బంధువుల చేత వేలిముద్ర వేయించుకునే లామా కాగితం, అన్నీ ఉన్నాయి. మందుల పేర్లు జెనరిక్‌లో, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ సవరణ కూడా తెచ్చింది. అక్షరాలు ఏ సైజులో ఉండాలో చెప్పే కాగితం ఉంది. ఈ ఆసుపత్రిలో, ఈ రాత్రి, ఏది ఎక్కడుందో, ఎవరిని పిలిస్తే వస్తారో చెప్పే కాగితం మాత్రం చాలాచోట్ల వెతికినా దొరకదు.

అలాగని అసలు గైడే లేదనుకోకండి. బ్రహ్మాండమైన గైడు ఒకటి అమల్లో ఉంది. ఎవరూ రాయలేదు, ఎవరూ అచ్చు వేయలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు. వెళ్లిపోతున్న బ్యాచ్ వచ్చే బ్యాచ్‌కు క్యాంటీన్లో టీ తాగుతూ అప్పగించే ఈ మౌఖిక శాస్త్రంలోని ముఖ్యసూత్రాలు ఇవి.

మొదటి సూత్రం: నువ్వు డాక్టరువని పేషెంటు అనుకుంటాడు, కొరియర్ బాయ్‌వని ఆసుపత్రి అనుకుంటుంది. ఆసుపత్రి అనుకున్నదే నిజం. రక్తం తీయి, సీసా మీద పేరు రాయి, ఇంకో బ్లాకులో ఉన్న ల్యాబుకు పరుగెత్తు. కిటికీ వెనకాల మనిషి "హీమోలైజ్ అయింది, మళ్లీ తీసుకురండి" అంటాడు. మళ్లీ తీయి, మళ్లీ పరుగెత్తు. స్ట్రెచర్ తోసేదీ నువ్వే. ఎందుకంటే ఆ పని చేయాల్సిన ఎంఎన్‌వో 'ఇప్పుడే' ఎక్కడికో వెళ్లాడు. ఆయన ఎప్పుడూ ఇప్పుడే వెళతాడు.

రెండో సూత్రం: అడక్కు. అడిగితే "ఇన్నేళ్లూ ఏం చదివావ్?" అంటారు. అడక్కుండా చేస్తే "ఎవర్నడిగి చేశావ్?" అంటారు. రాత్రి పీజీకి ఫోన్ చేస్తే "ఇందుకా లేపావ్?" చెయ్యకపోతే పొద్దున రౌండ్స్‌లో, అందరి ముందూ, "ఎందుకు లేపలేదు?" పీజీని తిట్టుకుని లాభం లేదు. ఆయన నిన్న పొద్దుటి నుంచి మేలుకునే ఉన్నాడు, ఆయన చేతిలోనూ ఎవరూ ఏ కాగితమూ పెట్టలేదు. ఆ పైన ఉన్న సార్ ఆన్ కాల్. కాల్ వెళుతుంది. సార్ వస్తారా లేదా అన్నది ఈ గైడులో చివరిదాకా సస్పెన్స్.

మూడో సూత్రం: చేసిన వైద్యం కన్నా రాసిన వాక్యం గట్టిది. 'డ్యూటీ పీజీకి ఇన్‌ఫార్మ్ చేశాను' అని టైముతో సహా కేస్ షీట్లో రాసుకో. పేషెంటును ఏది కాపాడినా కాపాడకపోయినా, ఈ వాక్యం నిన్ను కాపాడుతుంది. పీజీ కూడా పైవాళ్ల మీద ఇదే వాక్యం రాస్తాడు. అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ బాధ్యత ఎక్కడో మేడమీద గాలిలో కలిసిపోతుంది.

నాలుగో సూత్రం: చావు కబురు చెప్పాల్సింది అందరిలోకీ చిన్నవాళ్లు. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో పేషెంటుతో, బంధువులతో ఎలా మాట్లాడాలో నేర్పే 'ఏట్‌కామ్' పాఠాలు పెట్టారు. మంచిదే. క్లాసులో ఒకరు బంధువుగా, ఒకరు డాక్టరుగా నటించి మార్కులు తెచ్చుకున్నారు. ఇక్కడ వార్డు తలుపు బయట ముప్పై మంది నిలబడి ఉన్నారు. లోపల సీనియర్లు కేస్ షీట్ పూర్తిచేసే పనిలో హఠాత్తుగా మునిగిపోయారు. "నువ్వెళ్లి చెప్పమ్మా" అని ఇరవై మూడేళ్ల పిల్లను బయటికి పంపారు.

దాని వెంటే ఐదో సూత్రం: వెనక గుమ్మం ఎక్కడుందో ముందే చూసిపెట్టుకో. డాక్టర్ల మీద చేయి చేసుకుంటే జైలుకు పంపే చట్టం తెలుగునాట 2008లోనే వచ్చింది. దాని బోర్డు క్యాజువాలిటీ గోడ మీద ఉంటుంది. దెబ్బలు తిన్నాక తీరిగ్గా చదువుకోవచ్చు.

సూత్రాలు సరే, మందుల డోసుల మాటేమిటి? దానికి వాట్సాప్ ఉంది. ఎవరు టైపు చేశారో తెలియని పీడీఎఫ్ ఒకటి బ్యాచ్ నుంచి బ్యాచ్‌కు తిరుగుతుంది. ఎవరో కుదించారు, ఎవరో స్కాన్ చేశారు, ఎవరో మూలన చేత్తో దిద్దారు. దశాంశ బిందువు ఒక్కటి పక్కకు జరిగినా పసిబిడ్డకు పది రెట్లు మందు వెళుతుంది. ఆ బిందువును జరిపిందెవరో మాత్రం ఏ విచారణ కమిటీ కనిపెట్టలేదు. గ్రూపులో అందరూ ఫార్వర్డ్ చేసినవాళ్లే, రాసినవాడు ఒక్కడూ లేడు.

పీడీఎఫ్ నచ్చనివాళ్లకు మెడికల్ రెప్ ఉన్నాడు. చిరునవ్వు, మెరిసే అట్టతో జేబులో పట్టే చేతిపుస్తకం. అందులో ఏ పేజీ తిప్పినా జ్వరం దారులన్నీ ఆ కంపెనీ యాంటీబయాటిక్ దగ్గరికే చేరతాయి. 2024లో మందుల మార్కెటింగుకు కేంద్రం కొత్త నియమావళి తెచ్చి కానుకలు కట్టడి చేసింది. వెయ్యి రూపాయలకు మించని పుస్తకాలు, డైరీలు, క్యాలెండర్లు మాత్రం ఇవ్వచ్చంది. అంటే కొత్త డాక్టరుకు చేతిపుస్తకం ఎవరు ఇవ్వాలన్న సమస్యను ప్రభుత్వం పరిష్కరించినట్టే. మందు అమ్మేవాడు ఇస్తాడు, ధర మీద మాత్రం పరిమితి ఉంటుంది.

ప్రభుత్వం తన వంతు పుస్తకం వేయలేదనడం అన్యాయం. ఏ మందు ఎంత, ఎప్పుడు, ఎవరికి వద్దు అని చెప్పే జాతీయ ఫార్ములరీని 1960లో అచ్చు వేసింది. రెండోది 1966లో, మూడోది 1979లో వచ్చాయి. నాలుగో ముద్రణకు మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఆ మధ్యలో ఎయిడ్స్ అనే జబ్బు బయటపడింది, ప్రపంచాన్ని వణికించింది, దానికి మందులూ వచ్చాయి. మన అధికారిక చేతిపుస్తకం మాత్రం 1979లో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. 1949లో మొదలైన బ్రిటన్ వాళ్ల ఫార్ములరీ ఆర్నెల్లకోసారి కొత్తగా అచ్చవుతుంది. ఆర్నెల్లలో మందులు మారిపోతాయని వాళ్ల భయం. మనకు భయాలు తక్కువ.

బ్రిటన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి వాళ్ల గొప్పా తప్పూ రెండూ చెప్పుకోవాలి. 1985లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ కొత్త డాక్టర్ల కోటు జేబులో పట్టే చేతిపుస్తకం ఒకటి తెచ్చింది. పసుపు, ఆకుపచ్చ అట్ట చూసి అక్కడి కుర్ర డాక్టర్లు దానికి చీజ్ అండ్ ఆనియన్ అని చిప్స్ రుచి పేరు పెట్టి, తరతరాలుగా జేబులో వేసుకు తిరుగుతున్నారు. అంతకుముందే, 1943లో, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ మాన్యువల్ పుట్టింది. ఇప్పటికీ దాని కొత్త ముద్రణలు రాయడంలో అక్కడి రెసిడెంట్లది పెద్ద చెయ్యి. వార్డులో నిలబడేవాడే వార్డు పుస్తకం రాస్తాడు.

ఇంత ఉన్నా వాళ్లకూ చావులు తప్పలేదు. బ్రిటన్‌లో కొత్త డాక్టర్లంతా ఆగస్టు మొదటి బుధవారం ఒకేసారి డ్యూటీలో చేరతారు. ఆ రోజు అత్యవసరంగా చేరిన పేషెంట్లకూ, అంతకు ముందు వారం బుధవారం చేరినవాళ్లకూ తేడా ఉందా అని లండన్ పరిశోధకులు లెక్కతీశారు. కొత్త డాక్టర్ల రోజున చేరినవాళ్లకు చావు అవకాశం 6 శాతం ఎక్కువని 2009లో అచ్చు వేశారు. సిగ్గుపడ్డారు, వాదించుకున్నారు. 2012 నుంచి కొత్త డాక్టరు డ్యూటీ ఎక్కేముందు కనీసం నాలుగు రోజులు, జీతంతో, పాత డాక్టరు వెనకాల తిరిగి ఆ ఆసుపత్రి పని చూసి తీరాలన్నారు. పుస్తకం చాలదు, గది గదీ చూపించాలి అని వాళ్లకు అర్థమైంది. మన దగ్గర హౌస్ సర్జన్లు మారే వారంలో ఎంతమంది పోతున్నారో లెక్క అడిగి చూడండి. లెక్క పెట్టని చావుకు శాతం ఉండదు. శాతం లేనిచోట సిగ్గు పడాల్సిన పనీ ఉండదు.

"అయితే ఆ చిప్స్ పుస్తకమే కొనుక్కోండి" అంటారు కొందరు. కొనుక్కుంటున్నారు కూడా. మంచి పుస్తకమే. కానీ ఒకే ఒక్క జాతి విషసర్పం ఉన్న దేశంలో రాసిన పుస్తకం అది. మన కుర్ర డాక్టరు ముందుకు రక్తపింజర కరిచిన కూలీ వస్తాడు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకడుతుందో లేదో చూడాలి. పరీక్ష తెలుసు, గాజు గొట్టం లేదు, ఉన్నవి ప్లాస్టిక్‌వి. గడ్డకట్టకపోతే విషానికి విరుగుడు పది వయల్స్‌తో మొదలుపెట్టాలి. స్టోరులో ఎన్ని ఉన్నాయో తెలిసినవాడు పొద్దున పదింటికి వస్తాడు. ఆ వెనకే పురుగుమందు తాగిన పత్తి రైతును ఆటోలో తెస్తారు. అట్రోపిన్ ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేసుకుంటూ పోవాలి. చిన్న చిన్న ఆంప్యూల్స్ గుత్తులు గుత్తులుగా విరగ్గొట్టాలి. పక్క వార్డులో నిల్వ ఉందా, ఫార్మసీ తెరిచి ఉందా? ఆక్స్‌ఫర్డ్ వాళ్లకేం తెలుసు, మన ఎంజీఎంలోనో గుంటూరు జీజీహెచ్‌లోనో ఫార్మసీ కిటికీ ఎటు తిరిగి ఉంటుందో!

జబ్బుకో పేజీ చొప్పున ఏం చెయ్యాలో బొమ్మ గీసినట్టు చెప్పే వర్క్‌ఫ్లోలను ఐసీఎంఆర్ 2019లో విడుదల చేసింది. పనికొచ్చే పని, మెచ్చుకోవాలి. అయితే ఢిల్లీలో గీసిన బొమ్మ 'సీనియర్‌ను పిలువుము' అనగలదు. ఆ సీనియర్ పేరూ ఫోన్ నంబరూ రాయలేదు. అది రాయాల్సింది మీ ఆసుపత్రి.

ఇక తాజా ధీమా ఏమిటంటే, ఫోన్‌లో కృత్రిమ మేధ ఉండగా గైడెందుకని. నిజమే, దాన్నడిగితే అడ్రినలిన్ డోసు చెబుతుంది, పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది, అడిగితే దాని మీద సీసపద్యం కూడా చెబుతుంది. తాళంచెవి సిస్టర్ కొంగుకు ఉందో, స్టోర్ కీపర్ ఇంట్లో ఉందో దానికీ తెలియదు.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఒకటుంది. దాని పేరు 'మా కాలంలో'. "మా కాలంలో మాకెవరు గైడు ఇచ్చారయ్యా? తోసేశారు, ఈదాం, ఈ స్థాయికి వచ్చాం" అంటారు ప్రొఫెసర్ గారు. అయ్యా, పల్లెటూళ్లో తాత మనవణ్ణి దిగుడుబావిలోకి తోసేటప్పుడు కూడా నడుముకు మునగబెండ్లు కట్టి, గట్టు మీద కనిపెట్టుకుని కూర్చుంటాడు. పైగా మీ బావికి ఒక చిత్రమైన గుణముంది. తోసినవాడూ మునగడు, పడినవాడూ మునగడు. మధ్యలో మంచం మీద పడుకున్న మూడోవాడు మునుగుతాడు. మీరు ఈదారు నిజమే. మీరు ఈత నేర్చుకునే రోజుల్లో మునిగినవాళ్లెవరూ 'మా కాలంలో' అని చెప్పుకోవడానికి మిగల్లేదు.

ఇంతకీ అడుగుతున్నదేమిటి? ఉద్గ్రంథాలు వద్దు. ఒక్క కాగితం, రెండు వైపులా. ఎమర్జెన్సీ మందుల ట్రాలీ ఎక్కడుంది, అర్ధరాత్రి దాని తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది. పది మిల్లీలీటర్ల పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ నీళ్ల ఆంప్యూల్ పక్కన పెట్టకుండా విడిగా ఏ అరలో పెట్టారు. కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే అది గుండెను ఆపేస్తుంది కాబట్టి ఆ అర పేరు ఎర్ర అక్షరాల్లో ఉండాలి. పాముమందు ఈ రాత్రికి ఎన్ని వయల్స్ ఉన్నాయి. బ్లడ్ బ్యాంకులో రాత్రి ఫోన్ ఎత్తే మనిషి నంబరు. పీజీ పది నిమిషాల్లో రాకపోతే ఎవరిని పిలవాలి, ఆయనా రాకపోతే ఎవరిని. పేషెంటును ఇంకో ఆసుపత్రికి పంపాలంటే ఎవరు ఊ అనాలి, అంబులెన్సులో ఎవరు తోడెళ్లాలి. చావు కబురు చెప్పేటప్పుడు పక్కన ఏ సీనియర్ నిలబడాలి.

రెండో వైపు డాక్టరు ప్రాణానికి సంబంధించింది. తెల్లవారుజామున నిద్రమత్తులో వాడేసిన సూది వేలికి గుచ్చుకుంటే హెచ్ఐవీ సోకకుండా మందు వీలైనంత త్వరగా, రెండు గంటల లోపే వేసుకోవడం మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి. పాఠం అందరికీ వచ్చు. ఆ మందు పొట్లం రాత్రిపూట ఏ గదిలో ఉంది? అలాగే, నైట్ డ్యూటీలో ఉన్న అమ్మాయి ఒక గంట నడుం వాల్చాలంటే గది ఎక్కడ, దాని తలుపుకు లోపల గడియ ఉందా? 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరు సెమినార్ గదిలో విశ్రాంతి తీసుకుంటుండగా అత్యాచారానికీ హత్యకూ గురైంది. ఆ గడియ గురించి ఆ తర్వాత కూడా అడగాల్సి రావడం మీద వ్యంగ్యం పనిచేయదు.

ఈ కాగితం రాయడానికి బడ్జెట్ అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. అనుభవమున్న హెడ్ సిస్టర్, ఓ పీజీ, ఆర్‌ఎంవో ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. మరి ఎందుకు కాలేదు?

రాస్తే దొరికిపోతారు కాబట్టి. 'ట్రాలీలో అడ్రినలిన్ ఉండును' అని రాసి సంతకం పెడితే, లేని రోజున అది ఎవరి తప్పో తెలిసిపోతుంది. 'పది నిమిషాల్లో వచ్చెదరు' అని పేరు రాస్తే, రాని రాత్రి ఆ పేరు బయటపడుతుంది. రాయకపోతే హాయి. ఏదైనా జరిగినప్పుడు కేస్ షీట్ తిరగేస్తారు, దాని అడుగున ఒక్క సంతకమే కనిపిస్తుంది. అది చేరి నెల తిరగని హౌస్ సర్జన్‌ది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, వైద్యుడి నిర్లక్ష్యంతో ప్రాణం పోతే రెండేళ్ల దాకా జైలు అని అంకెలతో సహా రాసిపెట్టింది. శిక్ష ఎంతో స్పష్టంగా రాయగలిగిన దేశం, తాళంచెవి ఎక్కడుందో రాయలేకపోయింది.

ఎమ్మెల్యే గారూ, ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ మీటింగుకు వచ్చినప్పుడు కొత్త మిషను పక్కన నిలబడి ఫొటో దిగండి, తప్పు లేదు. దిగాక ఆ కాగితం చూపించమని అడగండి. పేషెంటు బంధువులారా, గొంతు చించుకోవాలనిపిస్తే తలుపు బయట నిలబడ్డ ఆ పిల్ల మీద అరవకండి. సూపరింటెండెంట్ గది ఎక్కడో కనుక్కుని అక్కడ ఆ కాగితం అడగండి.

సూపరింటెండెంట్ గారూ, కొత్త బ్యాచ్ చేరే రోజు లాగ్‌బుక్ ఇచ్చి సంతకం తీసుకునే ముందు ఆ ఒక్క కాగితం వాళ్ల చేతిలో పెట్టండి. మూడు నెలలకోసారి సరిచూడండి. కింద తేదీ వేసి, మీ పేరు రాసి, సంతకం పెట్టండి. పెట్టనంత కాలం, మీ ఆసుపత్రిలో రాత్రి రెండింటికి ఆలస్యమైన ప్రతి ఇంజెక్షన్‌కూ మొదటి ముద్దాయి మీరే, హౌస్ సర్జన్ సాక్షి మాత్రమే.